కనబడు అపాయము - దాగిన అపాయము

పసిబిడ్డ గోడను పట్టుకొని నిలువబోవునప్పుడు మన యిండ్లలో మొదట వినవచ్చు మాట ‘పడెదవు సుమా’ అనునది. ఆ మాట ప్రేమవలన పుట్టినదే. కాని బిడ్డ పెరిగి పదేండ్లవాడైనను, పండ్రెండేండ్లదైనను, ఆ మాట మాత్రము అట్లే నిలిచియుండును. చెట్టెక్కరాదు, గోడ దుమకరాదు, సైకిలు వేగముగ త్రొక్కరాదు. ఇన్ని రాదుల నడుమ పెరిగిన బిడ్డకు భద్రత కలిగినదా, భయము మాత్రమే మిగిలినదా అని విచారించువారు మనలో కొలదిమందియే. బిడ్డను పడకుండ కాచుట పెద్దల ధర్మమా, పడి లేచుటకు తగిన తావును కల్పించుట పెద్దల ధర్మమా? ఈ ప్రశ్నకు సమాధానమును మేము శాస్త్రగ్రంథములలో గాక ఒక వడ్రంగిపనిలో వెదకదలచితిమి.

ఆ పని యెట్టిదనగా, స్కేటుబోర్డుపై నిలిచియు, బీఎంఎక్స్ అనెడి 20 అంగుళముల చక్రముల చిన్న సైకిలు నెక్కియు ఆడుకొను బాలబాలికలకొరకు కొయ్యతో రాంపులు కట్టుట. తలుపు, బల్ల, మంచము, ఉయ్యాల మొదలుగా వడ్రంగి చేయు వస్తువులలో తక్కినవన్నియు మనుష్యునికి దెబ్బ తగులకుండునట్లు చేయబడును. రాంపు ఒక్కటియే పడుట తప్పదని ముందుగ నెఱిగి కట్టబడునది. దానిపై నభ్యసించువాడు మొదటి దినమున పడును. పదవ దినమునను పడును. నేర్పరియైన పిమ్మటను క్రొత్త విద్య నారంభించినప్పుడెల్ల పడును. అట్టి వస్తువును తెలిసి తెలిసి పిల్లలకొరకు కట్టించుట న్యాయమేనా?

ఇది దూరదేశపు వింత యని త్రోసివేయుటకు వీలులేదు. 2020వ సంవత్సరపు టోకియో ఒలింపిక్ క్రీడలు 2021లో జరిగినప్పుడు స్కేటుబోర్డు పందెములును, బీఎంఎక్స్ విన్యాసములును మొట్టమొదటిసారి వానిలో చేర్చబడెను. స్కేటుబోర్డు వీథిపోటీలో స్త్రీల బంగారుపతకమును గెలిచిన మొమిజి నిషియకు నాటికి 13 ఏండ్లు. మన హైదరాబాదువాడైన అనూప్‌కుమార్ యామ చక్రపుజోళ్ల స్కేటింగులో 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడలయందు రెండు కాంస్యపతకములు గడించెను. నగరమున స్కేటుబోర్డు కొఱకు వాల్‌రైడ్ పార్కు వంటి తావులును వెలసినవి.

హైదరాబాదునకు నైరుతి దిక్కున నున్న రాజేంద్రనగర్ సంగతియే చూడుడు. 1927లో ముగిసిన హిమాయత్ సాగరపు కట్టయు, వ్యవసాయ విశ్వవిద్యాలయపు పొలములును ఆ ప్రాంతమునకు పూర్వమునుండి గుర్తులు. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరవబడిన పిమ్మట ఆ దారి పొడుగునను అంతస్తుల మేడలు లేచినవి; పిల్లలు పరుగెత్తిన బయళ్లు ఇంటిస్థలములైనవి. 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి ప్రక్కను సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలుబాట తెరవబడెను. దాని యొక కొస రాజేంద్రనగర్ చెంతనున్న పోలీసు అకాడమీ కూడలిని చేరును. మంచిదే, కాని చక్కని బాటపై సాగిపోవుట పెద్దలకు తృప్తి. పిల్లవాడు మెట్టును చూచిన దుమకగోరును. వాలును చూచిన జాఱగోరును. ఆ కోరికకు మనము తావు చూపకున్న, వాడే తావు వెదకుకొనును.

ఇక రాంపు నెట్లు కట్టుదురో తెలిసికొందము. తెలిసిన పనివాడు రంపము పట్టుటకు ముందు రెండు ప్రశ్నలు వేయును: ఎక్కువా డెవడు? ఎంత నేర్చినవాడు? మన శాస్త్రకారులు అధికారిభేద మనిన దిదియే. విద్య విద్యార్థి శక్తినిబట్టి యుండవలెనను న్యాయ మిచ్చట కొయ్యకు వర్తించును. నేర్చువానికి 3 అడుగుల ఎత్తు చాలుననుకొందము. అందుకు 6 అడుగుల వ్యాసార్ధము తీసికొని, సన్నని బద్ద నొకకొస మేకుతో బిగించి, రెండవకొస పెన్సిలు నిలిపి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకపై చాపము గీయును. ఆ చాపము అడుగున నేలతో కలసిపోయి, క్రమముగ లేచి, 3 అడుగుల ఎత్తునకు చేరునప్పటికి 60 డిగ్రీల వాలు పొందును. నేలపై దాని పొడవు సుమారు 5 అడుగుల 2 అంగుళము లగును. అదే యెత్తునకు 3 అడుగుల వ్యాసార్ధము తీసికొన్నచో పైయంచున నిట్టనిలువు గోడయే యగును. అది నేర్చువానికి విద్య గాదు, శిక్ష.

అట్లు కోసిన ప్రక్కపలకలను నిలిపి, వాని నడుమ 8 అంగుళముల కొకటి చొప్పున అడ్డపట్టీలు బిగించి, పైని పలుచని ప్లైవుడ్‌ను రెండు పొరలుగ వంచి పఱతురు. పైపొర అతుకులు క్రిందిపొర అతుకులపై పడరాదు. స్క్రూల తలలు పలకలోనికి దిగియుండవలయును. పైయంచున అమర్చు ఇనుపగొట్టము చక్రమునకు తెలియునంత మాత్రమే లేచియుండవలయును. అడుగున పలక నేలను తాకుచోట సందు లేకుండ ఇనుపరేకు పఱవవలయును. సైకిలు బరువు బల్లకంటె నెక్కువ గనుక బీఎంఎక్స్ రాంపునకు పట్టీలు ఇంకను దగ్గరగ నుండవలెను. వెనుకప్రక్క నిలుచు అరుగునకు కటకటాలు తప్పవు.

ఈ పనిలో మా ప్రశ్నకు సమాధానమున్నది. రాంపునందు రెండు విధములైన అపాయము లుండవచ్చును. ఎత్తు, వాలు, వేగము అనునవి కనబడు అపాయములు. పైన నిలిచిన బాలిక వానిని కన్నులార చూచును. తన శక్తిని తూచుకొనును. నేడు కాదనుకొన్నచో దిగివచ్చును. పైకి లేచిన స్క్రూతల, క్రుళ్లిన పట్టీ, విడిపోయిన పలకపొర, ఊగెడి ఇనుపగొట్టము అనునవి దాగిన అపాయములు. వానిని ఆమె చూడలేదు, తూచలేదు, కాదనలేదు. మొదటి విధమైన అపాయము బిడ్డతో మాటలాడును. రెండవది బిడ్డను మోసగించును. మొదటిదానిని మితముగ నిచ్చుటయు, రెండవదానిని వేరుతో పెఱికివేయుటయు పెద్దల ధర్మమని మా యభిప్రాయము. ఈ రెంటిని వేఱుచేయలేక అన్నిటిని ‘ప్రమాద’ మను నొక్క పేర పిలుచుటయే మన గృహములలోని పొరపాటు.

దయ గల పనివాడు కనబడు అపాయమునందు సహితము క్షమను అమర్చును. పైకి ఎగురుటకొక వాలు, దిగుటకొక వాలు గల రాంపు కలదు. ఆ రెంటి నడుమ ఖాళీ విడిచినచో, రెండడుగులు తక్కువగ నెగిరినవాడు ఎదుటి యంచునకు గొట్టుకొని నలిగిపోవును. నడుమ బల్లవలె పలక పఱచినచో వాడు దానిపై దిగి, కొంచెము తూలి, మరల ప్రయత్నించును. దిగుడువాలు సహితము పడివచ్చు దేహమును ఎదిరింపక ఏటవాలుగ నందుకొని, పాటును పరుగుగ మార్చును. ఎగురుట మానుమని చెప్పక, తక్కువ ఎగిరినందుకు ప్రాణము తీయక, నడిమిదారి చూపునదే ఆ పలక. బిడ్డలను పెంచుటలో మనము పఱవవలసిన పలక యెట్టిదో తలిదండ్రులే యోచింతురుగాక.

అపాయమును కొనితెచ్చుకొన నేల, ఆట మాన్పించిన పోలేదా యని కొందఱందురు. ఆట మానదు, తావు మాత్రమే మారును. 1970ల నడుమ కాలిఫోర్నియాలో కఱవువలన ఈతకొలనులు ఎండిపోగా, బాలురు గోడలు దాటి ఆ వట్టి కొలనులలోనే స్కేటుబోర్డు నడపిరి. డెన్మార్కు దేశమున సోరెన్‌సెన్ అను ఉద్యానశిల్పి, పిల్లలు తాను కట్టిన ఆటస్థలములను విడిచి పాడుస్థలములలోని కొయ్యముక్కలతో నాడుకొనుట గమనించెను. ఆ తలపునుండి 1943లో కోపెన్‌హేగన్ చేరువ ఎమ్‌డ్రుప్ అనుచోట కొయ్యలు, పనిముట్లు పిల్లల చేతికే యిచ్చెడి ఆటస్థలము పుట్టెను. మన నగరము మాట యేమి? 2020 సెప్టెంబరులో హైదరాబాదున సైకిలు త్రొక్కుచు వెడలిన బాలిక యొకతె తెఱచియున్న నాలాలో పడి ప్రాణములు గోల్పోయెను. ఆమె ఏ రాంపు నెక్కలేదు. ఏ సాహసమును చేయలేదు. వాననీరు క్రమ్మిన వీథిలో నాలా యేదో బాట యేదో తెలియదు. పిల్లలు దుమికినచో కేకలు వేయు మనము, దుమకని పిల్లను మ్రింగు గోతులపై మూతలు వేయించుటకు ఎన్ని కేకలు వేసితిమి?

మఱికొందఱు, ఇది ధనికుల బిడ్డల వేడుక గదా యందురు. ఈ యాక్షేపణలో సత్యము కలదు. ప్రహరీగోడల వెనుక రాంపు నిలిచి, దానిని కట్టిన వడ్రంగి బిడ్డ గేటువద్ద నిలిచి చూచుచున్నంతకాలము ఆ తప్పు మనయందున్నది. కాని ఈ యాట స్వభావముచేతనే ధనికులది గాదు. మధ్యప్రదేశములోని పన్నా జిల్లా జన్వార్ గ్రామమున 2015లో ఉల్రికె రైన్‌హార్ట్ అను జర్మను వనిత ప్రయత్నమున సిమెంటుతో స్కేటుస్థలము కట్టబడెను. అచ్చట ఆదివాసుల బిడ్డలును యాదవుల బిడ్డలును ఒకే వాలుపై ఆడిరి. బడికి పోనివారికి ఆట లేదనునది ఒక నియమము. ముందు ఆడుపిల్లలకే తావీయవలెననునది రెండవ నియమము. ఆ గ్రామమునుండి ఆశా గోండ్ అను యువతి 2018లో చైనాలోని నాన్జింగు ప్రపంచపోటీలకు వెళ్లెను.

ఆడుపిల్లల మాట వచ్చినది గనుక దాచక చెప్పుదము. మోకాలిపై మచ్చ పడినచో పెండ్లి యెట్లని కూతును వారించు తల్లులు నేటికిని కలరు. ఆ తల్లులే వరుని అప్పులు, అలవాటులు, కోపము ఎట్టివో విచారింపక, కులమును జీతమును మాత్రము అడిగి కూతును పంపివేయుదురు. మూడడుగుల వాలు అపాయమట. చూడని గోతిలోనికి త్రోయుట క్షేమమట! మోకాలిమచ్చ నెలకు మానును. తన శక్తిని తానే తూచుకొని, కాదనుటకును ఔననుటకును నేర్చిన బాలిక, రేపు తన బ్రదుకులోని దాగిన గోతులను సహితము ముందుగ ప్రశ్నింపగలదు.

కడపట, దాగిన అపాయము ఎచ్చట పుట్టునో విచారింపవలయును. దానిని వడ్రంగిపైననే మోపుట సులభము. మన దేశమున ప్లైవుడ్‌కు ప్రమాణములు కలవు: మరుగునీటికిని విడని జిగురుతో చేసినదానికి ఐఎస్ 710, లోపలిగదుల సామానునకు తగిన సాధారణపు రకమునకు ఐఎస్ 303. ఆరుబయట నిలుచు రాంపునకు మొదటిది వలయును. జూనునుండి సెప్టెంబరువఱకు మన వానలకు రెండవది పొరలు పొరలుగ విడిపోవును. కాని రంగు వేసిన పిమ్మట రెండును ఒక్కటిగనే కానవచ్చును. యజమాని బేరమాడి, కూలి తగ్గించి, ఇంతకే చేసిపెట్టుమని పట్టుపట్టినప్పుడు, పట్టీల నడుమ దూరము 8 అంగుళములనుండి 16 అంగుళము లగును. పలక రకము మాఱును. ఆ గుట్టు వడ్రంగికి తెలియును. యజమానికి తెలిసియు తెలియదు. బిడ్డ పాదముక్రింద పలక విఱిగిననాడు, ఆ విఱుపులో బేరమాడిన నాలుక పాలెంతో ఎవరు లెక్కింతురు? పనివాని నేర్పునకు గౌరవము, శ్రమకు తగిన వెల యిచ్చుటకూడ బిడ్డను కాచుటలోని భాగమే. ఎవ్వరును చూడని లోపలిభాగమును చక్కగ చేయువాడు నిజమైన ధర్మాత్ముడు. వానికి అట్లు చేయుటకు వీలు కల్పించనివాడు ఎన్ని నీతులు చెప్పినను లాభము లేదు.

కావున మా చదువరులకు మేము చెప్పునది స్వల్పము. బిడ్డ పైన నిలిచినప్పుడు ‘పడెదవు’ అని భయపెట్టక, ‘ఎంత యెత్తున్నదో చూచుకొంటివా?’ అని యడుగుడు. శిరస్త్రాణము, మోకాలికవచములు తొడిగింపుడు. పలక అడుగున గాలి యాడునట్లు రాంపును ఇటుకలపై నిలువుడు. వానకాలము గడచిన పిమ్మట ఏటేట దీపము చేతబట్టి దానిక్రిందికి దూరి, చెద పట్టినదా, పట్టీ క్రుళ్లినదా, స్క్రూ వదలినదా యని మీరే చూడుడు. పైభాగము బిడ్డది, అచ్చట మన పని లేదు. క్రిందిభాగము మనది. మన ఇండ్లకును, వీథులకును, బడులకును ఈ విభాగమే చాలును.