రెండు బారల ఎడం

బొంరాస్‌పేట నుంచి తాండూరు దాకా ఏ ఊళ్లో చూసినా బండే. గోడ బండ, వాకిలి బండ, ప్రహరీకి బదులు నిలువునా పాతిన నాపరాళ్లు. ఇలాంటి వాకిట్లో చెట్టు కావాలనుకుంటే ఒక బండ లేపి, ఆ గుంతలో మొక్క పెడతారు. నడకకు అడ్డం రాకూడదని గోడ పక్క బండనే లేపుతారు.

మోకాలెత్తు మొక్కకు ఆ చోటే ఎక్కువనిపిస్తుంది. మామిడితోట వేసే రైతు మాత్రం చెట్టుకూ చెట్టుకూ ముప్పై అడుగుల దాకా వదులుతాడు. కొమ్మలు కలిసేదాకా నడుమ పెసరో, కందో చల్లుకుంటాడు. రాబోయే చెట్టు చోటును ఇప్పుడే దానికి రాసిచ్చే ఆ ఓపికంటే నాకు గౌరవం. ఇంటి దగ్గర కూడా అదే కావాలి.

ఇక్కడి రేగడి సున్నపురాయి మీద పరుచుకున్న నేల. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ మట్టి పంటే. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది పక్కనే వేళ్లు తడి పీల్చేస్తే అక్కడి మట్టి ఇంకా కుంగి, గోడ బీటలిస్తుంది. అందుకే జామైనా నిమ్మైనా గోడకు రెండు బారల ఎడం ఉంచాలి. జాలారి నీళ్లు గోడ వార నిలవనీయకుండా చిన్న కాలువ తీసి చెట్టు దాకా పంపాలి.

ఇరుకు వాకిలికి నా మనసు సీతాఫలం వైపే. గుట్టల్లో ఎవరూ నీళ్లు పోయకుండానే కాస్తుంది. పాత పాలమూరు జిల్లాలోని బాలానగర్ పేరుతో ఒక రకమే ఉంది. బొంరాస్‌పేట కూడా 2016 దాకా ఆ జిల్లాదే. కాయలు చేతికందుతాయి. కన్నుల నడుమ గీతలు లేత పసుపుగా విచ్చుకున్నప్పుడు తెంపి గడ్డిలో పెడితే, కొద్దిరోజుల్లో వేలు తగిలితేనే నొక్కుపడేంత మెత్తనవుతాయి. ఎండలు ముదిరే వేళకు ఆకు రాల్చేస్తుంది కాబట్టి, పడమటి గోడకు నీడ కావాలంటే జామే మేలు.

ఇప్పటికే గోడకు ఆనుకుని పెరిగిన చెట్టుందా? బీట కనబడిందని ఒక్కపూటలో నరికించొద్దు. ఏళ్ల తరబడి వేళ్లు పీల్చిన నేల మళ్లీ తడి పట్టి ఉబ్బుతుంది, అప్పుడు గోడ ఇంకో వైపు కదులుతుంది. ముందు మేస్త్రీకి చూపించండి. ఈలోగా ఏటా కాపు దిగాక కొన్ని కొమ్మలు తగ్గించుకుంటూ రండి.