సుగ్గికి పోయిన సంఘం

కోసిగి, పెద్దకడుబూరు, హొళగుంద వైపు ఊళ్లలో సంక్రాంతి దాటాక తాళం వేసిన తలుపులే ఎక్కువ. జనం సుగ్గికి, అంటే కోత కాలపు కూలి వలసకు, పోయారు. పంట చేతికొచ్చినా రాకున్నా అప్పుల వడ్డీ వచ్చి కూర్చుంటుంది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు దానికే సరి. ఐచర్ బండిలో బియ్యం మూటలు, జొన్నరొట్టెల సంచి, టార్పాలిన్ పట్ట, వాటి మీద పిల్లలు. బండి గుంటూరు, పల్నాడు మిరప తోటల దారి పడుతుంది. ఆ బండిలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు, మన చర్చిలో చాప మీద కూర్చునేవాళ్లతో సహా.

లెంటు దినాలు కూడా ఆ వారాల్లోనే వస్తాయి. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. ఊళ్లో ఉపవాస కూటాలు జరుగుతుంటాయి, సంఘంలో కొందరేమో ఎక్కడో చేను గట్టున వండుకుంటుంటారు. ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవారిని యెషయా 58వ అధ్యాయం ఎండగడుతుంది. మనం దాన్ని ఏటా చదువుతాం, ఆ తర్వాత కానుక పడతాం.

వాన కోసం ప్రార్థించడం రాయలసీమ సంఘాలకు బాగా తెలుసు. కానీ 2025లో కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర కూలి, క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రభుత్వమే ముందుకు రావాల్సి వచ్చింది. అది వాన లేక వచ్చిన కష్టం కాదు. అంతకుముందు ఏడాది ఆగస్టు 10న తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది, అదీ వాన లేక కాదు. ఇలాంటివాటికి మోకాళ్ల మీద నుంచి లేచి చేయాల్సిన పని కొంత ఉంటుంది.

బైబిల్లో సుగ్గి కథ ఒకటుంది. కరువొచ్చి నయోమి కుటుంబం బెత్లెహేము వదిలి మోయాబుకు పోయింది. భర్త, కొడుకులు పోయాక ఆమె తిరిగొచ్చింది, వెంట వచ్చిన పరాయి దేశపు కోడలు రూతు యవల చేలో పరిగె ఏరుకుంది. బోయజు అనగానే మన ప్రసంగాలు పెళ్లి మీదికి వెళ్లిపోతాయి గానీ, అంతకుముందు అతను చేసినవి చూడండి. ఆమె జోలికి వెళ్లొద్దని మగ కూలీలను హెచ్చరించాడు. దాహమైతే వాళ్ల కుండల్లోనే తాగమన్నాడు. తిండివేళ కోత కూలీల పక్కన కూర్చోబెట్టి పేలాలు పెట్టాడు. ఆడకూలీకి భద్రత, నీళ్లు, అన్నం: మిరప చేలో ఈరోజు అడగాల్సినవీ ఇవే.

ఇలాంటి పని మన నేల మీదా జరిగింది. ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి పని చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకుండా, సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకె మనవాళ్లందరికీ కంఠతా వచ్చు, కాలువ సంగతి అడిగితే చాలామంది తడుముకుంటారు.

కర్నూలు మేత్రాసనం, నంద్యాల డయాసిస్, కడప కేంద్రంగా ఉన్న రాయలసీమ డయాసిస్, బాప్టిస్టు సంఘాలు లెంటుకు ముందు నుంచే వేరే పని పెట్టుకోవచ్చు. బండి ఎక్కకముందే బడి పిల్లల పేర్లు రాసుకుని వలస కుటుంబాల పిల్లల కోసం నడిచే సీజనల్ హాస్టల్లో చేర్పించాలి. అక్కడ చోటు చాలకపోతే చర్చి గది తెరవాలి, ఉపవాసంలో మిగిలిన బియ్యంతో అక్కడే పొయ్యి వెలిగించాలి. చర్చి గోడకు కొత్త టైల్స్ వచ్చే ఏడాది వేసుకుందాం.

బండి దిగే అవతలి ఒడ్డున కూడా మనవాళ్లే ఉన్నారు. 1842లో మిషనరీ హేయర్ అడుగుపెట్టిన గుంటూరు సీమలో లూథరన్ సంఘాలకు కొదవ లేదు. వాళ్లకు ఒక ఉత్తరం రాయడానికి మన పాస్టర్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫలానా ఊరినుంచి ఇంతమంది, ఫలానా మేస్త్రీ కింద మీ వైపు వస్తున్నారు, కూలి లెక్క కట్టే రోజు మీలో ఒకరు వెళ్లి పక్కన నిలబడండి అని.