కుటుంబ యాత్ర, ఎవరి ఫలం?
కుటుంబమంతా కలిసి తీర్థయాత్ర చేస్తే ఫలం అందరిదా, ఎవరికి వారిదా? కోలారు జిల్లా లక్కూరు వైపు కుటుంబాలకు చిక్కతిరుపతి వెంకటేశ్వరుడు, కోలారమ్మ, ఆవని రామలింగేశ్వరుడు, ముళబాగిలు ఆంజనేయుడు, కురుడుమలె వినాయకుడు ఒకే యాత్రలో కలిసివచ్చే దైవాలు. బండి, భోజనం, బస ఉమ్మడివే. పుణ్యం సంగతి వేరు.

మహాభారతం వనపర్వంలో ధర్మరాజు అర్జునుడు తప్ప మిగతా తమ్ముళ్లతో, ద్రౌపదితో తీర్థయాత్రకు బయలుదేరతాడు. పరివారం తగ్గించుకొమ్మని లోమశ మహర్షి చెబితే, శ్రమ ఓర్వలేనివారిని వెనక్కి పంపుతాడు. చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవారికే తీర్థఫలమని ఆ పర్వమే చెబుతుంది. ఆ లెక్కన ఫలం ఎవరిది వారిదే. అయితే గంధమాదనం దారిలో సొమ్మసిల్లిన ద్రౌపదిని ఘటోత్కచుడు మోస్తాడు. ఆమెను వదిలి ఎవరూ ముందుకు సాగరు.

తోడు మాట మరో సంప్రదాయంలోనూ ఉంది. జపాన్‌లోని షికోకు ద్వీపంలో 88 ఆలయాల యాత్ర సుమారు 1,200 కిలోమీటర్లు. ఒంటరి యాత్రికుడి వెంట కూడా బౌద్ధాచార్యుడు కూకాయ్ (774–835) నడుస్తాడని అక్కడి నమ్మకం. నేడు బస్సుల్లో బృందాలుగానూ వెళ్తారు.

రెండు సంప్రదాయాల్లోనూ తోడు యాత్రకు అడ్డు కాదు. నిగ్రహం ఎవరికి వారు సాధించాలి. ముసలివారి నడకకు తగ్గట్టు మిగతావారు ఆగడం ఆ నిగ్రహంలో భాగమే.