‘ఇది నీకు తగదు’, ‘నువ్వు దీనికి తగవు’: బాగా ఆడేవాడు తోటివాళ్లని ఏమైనా అనొచ్చా?



సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లినప్పుడు మా మేనల్లుడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. వాడు ఇంటర్ చదువుతున్నాడు, ఫుట్‌బాల్ పిచ్చి. సాయంత్రం మేడ మీద కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి అన్నాడు: “మావయ్యా, బాగా ఆడేవోడు ఎన్ని మాటలన్నా పడాలేటి?”

విషయం ఏమిటంటే, వీళ్ల జట్టులో గోల్స్ అన్నీ ఒక్క కుర్రాడే కొడతాడు. నిజంగానే బాగా ఆడతాడట. కానీ ఎవరైనా పాస్ సరిగ్గా ఇవ్వకపోతే రొనాల్డోలాగా రెండు చేతులూ చాపి, ఆకాశం వైపు చూసి, గ్రౌండ్ అంతా వినబడేలా “నీకు బూట్లెందుకురా, అమ్ముకో” అంటాడు. మిగతావాళ్లు నవ్వుతారు. మావాడు కూడా మొదట్లో నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

“ఇప్పుడేటి చేస్తున్నావు మరి?” అని అడిగాను.

“బంతి నా దగ్గరికి రాకపోతే బాగుణ్ణు అనుకుంటన్నాను మావయ్యా.”

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆడటానికి వెళ్లినవాడు బంతి తన దగ్గరికి రాకూడదని దండం పెట్టుకుంటున్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. దొరక్కపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తాను.

కోట పక్కనే ఉన్న కథ

మర్నాడు మంగళవారం. కోట దగ్గర జనంలో నిలబడి సిరిమాను కోసం ఎదురుచూస్తుంటే ఆ కోటకి సంబంధించిన ఒక మనిషి గుర్తొచ్చాడు. మన చానల్ చూసేవాళ్లలో క్రికెట్ అభిమానులు చాలామందే ఉంటారు కానీ, ఈయన విజయనగరం వంశంవాడని ఎంతమందికి తెలుసో!

పూసపాటి వారి వంశంలో 1905లో పుట్టిన విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకంలో ‘విజ్జీ’. ఆట అంటే ప్రాణం. 1930-31లో ఇంగ్లండ్ జట్టు భారత్ రావడం రద్దయితే, సొంత ఖర్చుతో జట్టు కట్టి, జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అంతటివాళ్లని ఇక్కడ ఆడించాడు. అలాంటివాడు 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ అయ్యాడు.

ఆ జట్టులో ఎవరున్నారో చూడండి. సి.కె. నాయుడు, విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ, లాలా అమర్‌నాథ్. అమర్‌నాథ్ అంటే 1933లో భారత్ తరఫున మొట్టమొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు. ఆ టూర్‌లో కూడా మంచి ఫామ్‌లో ఉన్నాడు. లార్డ్స్‌లో ఒక మ్యాచ్‌లో ఆయన్ని ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపించారు. ఆయనకి కోపం వచ్చింది, మాట తూలాడు. అంతే, మొదటి టెస్టు కూడా మొదలవకముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు.

మాంచెస్టర్ టెస్టులో మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కి 203 పరుగులు జోడించారు. ఇద్దరూ సెంచరీలు చేశారు. మర్చంట్‌ని రనౌట్ చేయమని విజ్జీ తనకి చెప్పాడని ముస్తాక్ అలీ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన ఆ పని చేయలేదు. నేరుగా వెళ్లి మర్చంట్‌కే చెప్పేశాడు. ఇద్దరూ నవ్వుకుని ఆట కొనసాగించారు.

మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయాం. ఆరు ఇన్నింగ్స్‌లో కెప్టెన్ చేసిన పరుగులు మొత్తం 33. తిరిగొచ్చాక వేసిన బోమాంట్ కమిటీ 1937లో కెప్టెన్సీనే తప్పుపట్టింది, అమర్‌నాథ్‌ది తప్పు కాదంది. కానీ పోయిన కాలం తిరిగొస్తుందా? ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. మళ్లీ అమర్‌నాథ్ టెస్టు ఆడేసరికి 1946.

విజ్జీని తిట్టడానికి ఈ కథ చెప్పడం లేదండి. తర్వాత ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా చేశాడు, విశాఖపట్నం నుంచి ఎంపీ అయ్యాడు. ఆటకి చేసింది కూడా ఉంది. నేను చెప్పేది ఒక్కటే. ఆ టూర్‌లో జట్టు నుంచి ఆయన అడిగింది ఆట కాదు, గౌరవం. పరుగులతో రావాల్సిన గౌరవం హోదాతో రావాలనుకున్నాడు. గౌరవాన్ని అలా అడిగి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు, పక్కవాడి సెంచరీ కూడా మనకి అవమానంలాగే కనిపిస్తుంది.

నాలుగేళ్ల ముందే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంఘటన ఒకటి జరిగింది. 1932 టూర్‌కి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. తనకి అంత ఆట రాదని ఆయనకి అర్థమైంది. దేశం ఆడే మొట్టమొదటి టెస్టుకి తనే పక్కకి తప్పుకుని, నాయకత్వం సి.కె. నాయుడికి ఇచ్చేశాడు. పోర్‌బందర్ అంటే సుదాముడి ఊరని చెప్పుకుంటారు కదా. మన కుచేలుడు! ఆ ఊరి రాజుకి తగ్గడం తెలిసింది.

మరి కఠినంగా ఉండటమే తప్పా?

ఇక్కడ మీరు అడగొచ్చు: “అయితే అందరితో మెత్తగా ఉండాలా? అలా ఉంటే గెలుస్తామా?”

సి.కె. నాయుడినే చూద్దాం. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు, కొఠారి కనకయ్య నాయుడు. ఆయన మెత్తని మనిషి కాదు. క్రమశిక్షణ విషయంలో చండశాసనుడు. 1932లో ఆ కాఠిన్యం నచ్చనివాళ్లు జట్టులోనే ఉన్నారు. తర్వాత ఇండోర్‌లో హోల్కర్ జట్టుని నడిపిస్తూ నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిపించాడు. దెబ్బ తగిలిందని కూర్చోవడం ఆయన దగ్గర కుదిరేది కాదంటారు.

కానీ ఆ మాట చెప్పే మనిషి ఎలా ఉన్నాడు? యాభై ఆరేళ్ల వయసులో, రంజీ ఫైనల్‌లో, దత్తూ ఫడ్కర్ వేసిన బంతి ఎగిరి నోటికి తగిలింది. రెండు పళ్లు ఊడి పిచ్ మీద పడ్డాయి. వాటిని పక్కకి తోసేసి, మళ్లీ బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు అవతలి చివర ఉన్న కుర్రాడికి ఇంక ఉపన్యాసం అవసరమా?

భగవద్గీత మూడో అధ్యాయం 21వ శ్లోకంలో కృష్ణుడు చెప్పింది ఇదే. శ్రేష్ఠుడు ఏది చేస్తే మిగతావాళ్లు అదే చేస్తారు, అతను దేన్ని ప్రమాణంగా నిలబెడితే లోకం దాన్నే అనుసరిస్తుంది. గమనించండి, ‘ఏది చెప్తే’ అనలేదు, ‘ఏది చేస్తే’ అన్నాడు. నాయుడు ఏ కొలతతో జట్టుని కొలిచాడో దాని కింద ముందు తనే నిలబడ్డాడు. ముస్తాక్ అలీని చిన్నతనంలోనే చేరదీసి తీర్చిదిద్దింది ఆయనే. ‘మర్చంట్‌ని రనౌట్ చెయ్యి’ అన్న మాటని ముస్తాక్ పక్కన పెట్టేశాడంటే, అందులో ఆ గురువు పెంపకం కూడా కొంత ఉందని నాకనిపిస్తుంది.

భీష్ముడు చేసిన తప్పు

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ‘నువ్వు గొప్పగా చేసి చూపించు, తర్వాత ఎవర్నైనా ఏమైనా అను’ అని ముగించేయొచ్చు. కానీ మహాభారతం మనల్ని అంత తేలిగ్గా వదలదు.

ఉద్యోగపర్వంలో యుద్ధానికి ముందు భీష్ముడు కౌరవ సైన్యంలో ఎవరు రథులు, ఎవరు అతిరథులు అని లెక్కచెప్తాడు. కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి ‘అర్ధరథుడు’ అంటాడు. అంటే సగం వీరుడు. అదీ నిండు సభలో. భీష్ముడికి అనే అర్హత లేదా? ఆ సైన్యంలో ఆయనకంటే గొప్పవాడు లేడు. కర్ణుడికి ఉన్న శాపాలు, పోయిన కవచకుండలాలు, అన్నీ లెక్కలోకి తీసుకునే అన్నాడు. అయినా ఏమైంది? ‘నువ్వు ఉన్నంతకాలం నేను ఆయుధం పట్టను’ అని కర్ణుడు పక్కకి తప్పుకున్నాడు. భీష్ముడు పడిపోయేదాకా పది రోజులు కౌరవులు కర్ణుడు లేకుండానే యుద్ధం చేశారు.

ఫుట్‌బాల్‌లో కూడా ఇలాంటిదే జరిగింది. 2002 ప్రపంచ కప్‌కి ముందు ఐర్లండ్ కెప్టెన్ రాయ్ కీన్ సైపాన్ దీవిలో ప్రాక్టీస్ ఏర్పాట్లు బాగాలేవని మండిపడ్డాడు. అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కానీ జట్టు అందరి ముందూ కోచ్‌తో జరిగిన గొడవలో మాటలు హద్దు దాటాయి. అతను ఇంటికి తిరిగొచ్చేశాడు. ఐర్లండ్ అతను లేకుండానే ఆడి, స్పెయిన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయింది.

అంటే అర్హత ఒక్కటే సరిపోదు. విజ్జీకి అర్హత లేదు, మాటా బాగాలేదు. భీష్ముడికి అర్హత నిండా ఉంది, అయినా ఆ మాట పదిరోజులకి ఒక మహావీరుణ్ణి ఆటలోంచి తీసేసింది.

మరి సరైన మాట ఎలా ఉంటుంది? అదే భారతంలో ఉంది. యుద్ధభూమిలో విల్లు వదిలేసి కూర్చున్న అర్జునుడితో కృష్ణుడు ‘అయ్యో పాపం’ అనలేదు. చాలా ఘాటుగా మాట్లాడాడు, పిరికితనం అన్నాడు. కానీ ఆ ఘాటు మాటలోనే ఏమన్నాడు? ‘ఇది నీకు తగదు’ అన్నాడు. ‘నువ్వు దీనికి తగవు’ అనలేదు.

ఈ రెండు వాక్యాలూ ఒకసారి పైకి అనుకుని చూడండి. మొదటిదాంట్లో మనిషి పెద్దవాడు, తప్పు చిన్నది. రెండోదాంట్లో పని పెద్దది, మనిషి చిన్నవాడు. మొదటిది విన్నవాడు లేచి నిలబడతాడు. రెండోది విన్నవాడు బంతి తన దగ్గరికి రాకూడదని కోరుకుంటాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మాట అని కృష్ణుడు వెళ్లిపోలేదు. పగ్గాలు పట్టుకుని పద్దెనిమిది రోజులూ ముందే కూర్చున్నాడు. ద్రోణపర్వంలో, సైంధవుణ్ణి చంపాల్సిన రోజున, గుర్రాలు అలసిపోతే అర్జునుడు బాణంతో నీళ్లు తెప్పించాడు. కృష్ణుడు తన చేతులతోనే గుర్రాలకి గుచ్చుకున్న బాణాలు తీసి, కడిగి, నీళ్లు తాగించాడు. సాక్షాత్తు పరమాత్మ! చుట్టూ యుద్ధం జరుగుతుంటే గుర్రాలు కడుగుతున్నాడు.

ఇంతకీ నా సంగతి

మొదట్లో చెప్పాను కదా, నా దగ్గర జవాబు లేకపోవడానికి ఇంకో కారణం ఉందని.

మన వీడియోలు ఎడిట్ చేసే తమ్ముడు ఒకడున్నాడు. ఒకసారి పండగ వీడియోలో ఆడియో కొంచెం తేడా వచ్చింది. అందరి ముందూ “ఇన్నాళ్లైనా నీకు ఇది రాదా? ఎందుకు కూర్చున్నావు ఇక్కడ?” అనేశాను. నేను రెండు రాత్రులు నిద్రలేకుండా పనిచేశాను కాబట్టి నాకు ఆ హక్కు ఉందనుకున్నాను. వాడు మారుమాట్లాడకుండా సరిచేసి ఇచ్చాడు. మానేయలేదు కూడా. కానీ అంతకుముందు “అన్నా, ఇక్కడ ఈ బొమ్మ పెడితే బాగుంటుంది” అని వారానికి పది సలహాలు చెప్పేవాడు. ఆ రోజు నుంచి ఒక్కటి కూడా చెప్పలేదు. నేను దాన్ని ‘బుద్ధి వచ్చింది’ అనుకున్నాను. మేనల్లుడి మాట విన్నాక అర్థమైంది. వాడు కూడా బంతి తన దగ్గరికి రాకూడదనే చూసుకుంటున్నాడు.

విజయనగరం నుంచే ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. “పర్లేదన్నా” అన్నాడు. ఆ ‘పర్లేదు’లో ఇంకా కొంత మిగిలే ఉంది. అందరి ముందు అన్న మాటని ఫోన్‌లో వెనక్కి తీసుకోలేమని తెలిసింది. వచ్చాక అందరి ముందే చెప్పాను. సలహాలు మళ్లీ మొదలవ్వడానికి టైమ్ పడుతుంది. ఎదురుచూడటం నా వంతు.

మేనల్లుడికి నేను చెప్పింది ఇదీ: “వాడు అన్న దాంట్లో రెండు ఉంటాయిరా. ‘పాస్ ఇంకా బాగా ఇవ్వు’ అనేది నీకు పనికొచ్చేది, అది తీసుకో, రోజూ ప్రాక్టీస్ చెయ్యి. ‘బూట్లు అమ్ముకో’ అనేది వాడి బరువు, అది నువ్వు మొయ్యక్కర్లేదు. ముస్తాక్ అలీలాగా పక్కన పెట్టేసి ఆడు. ఒక్కడివీ ఉన్నప్పుడు వాడితో నేరుగా చెప్పు. రేపు నువ్వు బాగా ఆడేవోడివి అయినప్పుడు మాత్రం ఈ రోజు మర్చిపోకు.” వాడు “చూస్తాను మావయ్యా” అన్నాడు. అంతకంటే ఏమంటాడు లెండి!

ఆ సాయంత్రం సిరిమాను వచ్చింది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. వెనక ఆకాశంలో, మాను కొసన పూజారి. లక్షల కళ్లు ఆయన మీదే. నేను మాత్రం ఈసారి కిందికి చూశాను. చెమటలు కక్కుతూ తాళ్లు పట్టుకున్నవాళ్లని. వాళ్లు ఒక్క క్షణం పట్టు వదిలితే పైనున్నాయన పరిస్థితి ఏమిటి?

ఈ వారం సాధనగా ఒక్కటి చేద్దాం. ఆఫీసులో, ఇంట్లో, గ్రౌండ్‌లో ఎవరి మీదైనా కోపం నోటిదాకా వచ్చినప్పుడు, అనబోయేది ‘ఇది నీకు తగదు’ అనా, ‘నువ్వు దీనికి తగవు’ అనా, ఒక్కసారి చూసుకుందాం. రెండోదైతే మింగేద్దాం. మొదటిదైతే చెప్పి, పక్కనే ఉండి, ఆ గుర్రాలకి నీళ్లు కూడా మనమే పెడదాం.

జై పైడితల్లి. శుభం.