కింది పొలానికి మన బాకీ

ఏటికి ఎగువనున్న రైతు దిగువవాడికి ఏమి బాకీ? దిగువవాడు అతనికి తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. నీరు వెనక్కి పారదు. అయినా అతడు వాగును ఎందుకు కాపాడాలి? ఇది ఇంజనీర్లు తేల్చే ప్రశ్న కాదు, ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

మన కృష్ణగిరి జిల్లావారికి ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ తగులుతుంది. హోసూరు దగ్గర దక్షిణ పినాకినిపై మనం దిగువవాళ్ళం. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా బెంగళూరు మురుగు ఆ నదిలో కలుస్తుంది. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర నురుగు గుట్టలు ఎన్నోమార్లు చూశాం. అంచెట్టికి వస్తే మనమే ఎగువవాళ్ళం. దొడ్డహళ్ళ అడవిలో పడి కావేరిని చేరుతుంది. అక్కడ ఫిర్యాదు చేసిన నోరే ఇక్కడ జవాబు చెప్పాలి.

కర్ణాటక వదిలే కావేరి నీటిని కొలిచే బిళిగుండ్లు కూడా ఈ అంచెట్టి వైపే ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఏటా 177.25 టీఎంసీలు అని తేల్చింది. రాష్ట్రాల మధ్య దశాంశాలతో సహా లెక్క ఉంది. ఒక వాగు వెంట పై పొలానికీ కింది పొలానికీ మధ్య ఏ కోర్టూ కొలబద్ద పాతదు. ఆ లెక్క ఇరుగుపొరుగులే చూసుకోవాలి.

మన పెద్దలు చెరువును సప్తసంతానాలలో చేర్చారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) మంచి చెరువుకు 12 అంగాలు చెబుతూ, మొదట ధర్మం తెలిసిన రాజును పేర్కొంది. అయితే బిడ్డను కంటే చాలదు, పెంచాలి. పూడిక తీసి, కాలువ బాగుచేసే ఆ పెంపకమే కుడిమరామత్తు. 1858లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిర్బంధ శ్రమ చట్టంగా మార్చింది. 2017లో తమిళనాడు ప్రభుత్వం నిధులిచ్చి అదే పేరుతో మళ్ళీ మొదలుపెట్టింది. ఒకటి మాత్రం మరవకూడదు. ఆనాడు మన్ను మోసిన వారందరికీ కట్ట కింద మడి లేదు. కష్టం పంచి నీరు పంచకపోతే అది సహకారం కాదు, వెట్టి.

“పైవాడు మనకు మురుగు పంపుతుంటే మనమెందుకు శుభ్రం చేయాలి?” అని అడిగేవారున్నారు. బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక నాకు తోచిన పోలిక చెబుతాను. నాకు రావలసిన బాకీ రాలేదని నేను కట్టవలసిన వాయిదా మాఫీ కాదు. పైవాడితో తగవు పైవాడితోనే తేల్చుకోవాలి. కిందివాడు ఏ తప్పూ చేయలేదు. తల్లిదండ్రుల ఋణం వారికే తీర్చలేం, పిల్లల్ని పెంచి తీర్చుకుంటాం. నీటి ఋణమూ అంతే. ఎగువనుంచి పొందినది దిగువకు చెల్లించాలి.

చెల్లింపు పెద్దదేమీ కాదు. పురుగుమందు డబ్బా వాగులో కడగకుండా ఉండడం, గట్టు దున్ని వాగును ఇరుకు చేయకుండా ఉండడం, వానలకు ముందు పై ఊరివాళ్ళూ కింది ఊరివాళ్ళూ ఒకచోట కూర్చుని ఎవరి వంతు ఎంతో మాట్లాడుకోవడం. ఆ సమావేశానికి కింది ఊరివాళ్ళను పై ఊరివాళ్ళే ముందుగా పిలవాలి.