వట్టి సీసా యెవరిది?

గోళీసోడా త్రాగినవాడు సీసాను ఇంటికి తీసికొనిపోడు. మా చిన్ననాట తణుకు బజారులో దుకాణము ముందే నిలువబడి, గోళీని లోనికి నొక్కించుకొని, గటగట త్రాగి, సీసాను బల్లమీద పెట్టి పోవుచుండెడివారము. ఇంటికి కావలయునన్నచో సీసాకు వేఱుగ కొంత సొమ్ము ముట్టజెప్పి, మఱునాడు వట్టి సీసా నప్పగించి దానిని మరల పుచ్చుకొనుట వాడుక. పానీయము మనది, సీసా వానిది. 1872 ప్రాంతమున ఇంగ్లండులో హైరం కాడ్ అనునతడు కల్పించిన ఆ సీసా యెన్ని చేతులు మాఱినను యజమానుని మాత్రము మఱచి యెఱుగదు.

ప్లాస్టిక్కు సీసా వచ్చి ఈ భేదమును చెఱిపివేసినది. దానిని కొన్నవాడు నీటికిని సీసాకును గూడ యజమానుడే. త్రాగి కిటికీనుండి విసరినంతనే దేనికిని యజమానుడు కాడు. గోస్తని కాలువలో తేలు సీసా కంపెనీది కాదు, దుకాణదారునిది కాదు, త్రాగినవానిది కాదు. బుడమేటిలోను తమ్మిలేటిలోను పడవేసినది కొల్లేటికి చేరును. అచ్చట నిలువనిది ఉప్పుటేటి గుండ సముద్రము పాలగును. ఇంత యాస్తికి వారసుడు లేడు.

మొన్న కుటుంబముతో తిరుమల పోయితిమి. 2022 నుండి కొండమీద ప్లాస్టిక్కు సీసాలకు నిషేధము గలదు. నీరు గాజుసీసాలలో అమ్ముదురు. నీటి వెలతోబాటు సీసాకు కొంత సొమ్ము ముందుగ పుచ్చుకొని, వట్టి సీసా తెచ్చినవారికి తిరిగి యిత్తురు. నా బావమఱది దర్శనపు తొందరలో తన సీసాను అరుగుమీద విడిచివచ్చెను. మేము వెనుదిరిగి చూచునప్పటికి ఒక వృద్ధురాలు దానిని కొంగున చుట్టుకొని దుకాణమువైపు పోవుచుండెను. అతడు నవ్వి, “పోనిండు బావగారూ, ఊరక పుణ్యము వచ్చినది” అనెను. నా భార్య ఊరకుండలేదు. “మఱచిపోయి విడిచినదానికి పుణ్యమేమిరా?” అని తమ్ముని నిలదీసెను. ఆ ప్రశ్న కొండ దిగినను నన్ను విడువలేదు.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున చెప్పబడిన 18 వివాదపదములలో ఋణము మొదటిది, నిక్షేపము రెండవది. ఒకరియొద్ద దాచిన పరుల సొమ్ము ఎంతటి కలహమునకు మూలమో పూర్వులెఱుగుదురు. సీసాకై మనము పెట్టు సొమ్ము దానముగాదు, జరిమానాయు గాదు, తాకట్టు. అయితే ఇది మనుష్యుని పేర వ్రాసిన తాకట్టు గాదు, సీసాతో పోవు తాకట్టు. ఎవరు తెచ్చిన వారికే సొమ్ము. కావున ఆ వృద్ధురాలు భిక్ష మెత్తలేదు; వంగి, యెత్తి, మోసి కూలి సంపాదించినది. మా బావమఱది దాతయు గాడు, పోగొట్టుకొన్నవాడు మాత్రమే.

ఇంతవరకు సులభము. ఎవరును తేని సీసాల సొమ్ము ఎవరిది? చిక్కంతయు ఇచ్చట నున్నది.

అందఱును సీసాలు తెచ్చిరేని తాకట్టుసొమ్ము వచ్చినదారినే పోవును. ఎవరికిని లాభనష్టములు లేవు. కాని యేరుట, లెక్కించుట, బండ్లకెత్తుట ఊరక జరుగవు. ఆ ఖర్చు మూడు తెఱగుల గడచును: పోగైన గాజు, లోహము, ప్లాస్టిక్కు అమ్మగా వచ్చునది; కంపెనీలు సీసాకింతయని చెల్లించు రుసుము; తిరిగి రాని సీసాల తాకట్టు. ఈ మూడవదానిలో నొక మోసపు బీజము గలదు. జనుల మఱపు ఎవరికి లాభమో, సీసాలు పుచ్చుకొను గవాక్షము వారి చేతనే యున్నచో, ఆ గవాక్షము తఱచుగా మూసియుండుటలో వింతయేమి?

జర్మనీలో 2003 నుండి ఒక్కసారి వాడి విడుచు సీసాకు 25 సెంట్లు తాకట్టు. మిగిలిపోయిన సొమ్ము కంపెనీలకే చెందును. అమెరికాలోని మిషిగనులో 1976లో ప్రజలే వోటువేసి తెచ్చుకొన్న శాసనము 1978లో అమలునకు వచ్చినది. అచ్చట తాకట్టు 10 సెంట్లు. డిట్రాయిటు చేరిన మన తెలుగువారు దాని నెఱుగుదురు. మిగిలినదానిలో నూటికి 75 పాళ్లు చెడిన నేలలను శుభ్రపఱచు మొదలగు పనులకై ప్రభుత్వనిధికిని, 25 పాళ్లు దుకాణములకును పోవును. నార్వేలో మఱియొక యుపాయము గలదు. సీసాలెంత యెక్కువగ తిరిగివచ్చిన కంపెనీలమీది పన్ను అంత తగ్గును. నూటికి 95 చేరినచో పన్నే లేదు. జనుల మఱపు కంపెనీకి లాభము గాకుండ చేసిన యీ తెలివి నాకు నచ్చినది.

న్యాయమెవరిదని నన్నడిగినచో, నష్టపడినవాని దందును. సోడాసీసా పోయినచో దుకాణదారుడు నష్టపడును; తాకట్టు వానిదే. ప్లాస్టిక్కు సీసా పోయినచో కంపెనీకేమి పోయినది? పోయినది కాలువకు. ఆ సొమ్ము కాలువ బాగుచేయువారికిని, చెత్త యేరువారికిని చెందవలయును.

మన పొరుగున నీలగిరులలో, పగిలిన సీసాలు అడవిమృగముల కాళ్లు చీల్చుచున్నవని 2022లో మదరాసు హైకోర్టు ఆజ్ఞచే ప్రభుత్వ మద్యదుకాణములలో సీసాకు 10 రూపాయలు అదనముగ పుచ్చుకొని తిరిగి యిచ్చుట ప్రారంభమైనది. పిమ్మట ఇతర జిల్లాలకును ప్రాకినది. వట్టిసీసాలు లెక్కించి దాచు చాకిరి మాకేలయని దుకాణపు పనివారు మొఱపెట్టిరి. ఆ మొఱ న్యాయమైనది. పదిరూపాయలు లక్ష్యపెట్టని ధనికునకు అది తాకట్టు గాక, పాఱవేయుటకు కొనిన యనుమతిపత్ర మగునేమో యనియు నాకు భయము గలదు. “పాఱవేయుము, ఎవరో బీదవారేరుకొందురు” అని బిడ్డకు చెప్పు తండ్రిని నేను చూచితిని.

ఈయేడు మా పాఠశాల యుత్సవమునకు ప్లాస్టిక్కు సీసాలు వలదని, నలువది గోళీసోడాలకై దుకాణమునకు పోయితిని. “ఇచ్చెదను గాని పంతులుగారూ, సీసాలసొమ్ము ముందే పెట్టవలయును. పిల్లలు గోళీలకొఱకు పగులగొట్టుదురు” అనెను. పెట్టితిని. మూడు సీసాలు తక్కువ వచ్చినవి. ఆ మూటి సొమ్ము అతడు పట్టుకొని మిగిలినది చేతబెట్టెను, నేను మాఱుపలుకలేదు.