‘మేము’ అనే మాట ఎవరిచ్చారు?

ఊళ్లో రచ్చ దగ్గర కూర్చున్నప్పుడు ‘మనం’ అంటాం. అదే సంగతి అధికారి ముందు చెప్పేటప్పుడు ‘మేము’ అంటాం. మైకు పట్టుకున్న మన కుర్రవాడు ‘మేము’ అన్నప్పుడు ఆ మాట అతనికి ఎవరిచ్చారు? ఉపన్యాసం నేర్పేవారు గొంతు గురించి, నిలబడే తీరు గురించి చెబుతారు గాని, ఈ ప్రశ్న జోలికి పోరు. మాకు మాత్రం ఇదే మొదటి పాఠంగా తోస్తోంది.

మాకవరపాలెం మండలం షెడ్యూల్డు ప్రాంతానికి బయట ఉంది. పాడేరు వైపు గ్రామసభలకు 1996 నాటి పీసా చట్టం ఇచ్చిన అధికారాలు ఇక్కడి గిరిజనులకు లేవు. కాబట్టి ఊరి మాట సోమవారం అర్జీల దగ్గరో, ప్రజాభిప్రాయ సేకరణలోనో ఎవరో ఒకరి నోటి ద్వారానే వెళ్లాలి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఆ సేకరణకు కనీసం 30 రోజుల ముందు చెప్పాలి, వీడియో తీయాలి, చివర్లో నమోదైన విషయాలు అందరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. కానీ ఇంతమంది ఉండాలనే లెక్క లేదు. నలుగురు మాటకారులు వస్తే చాలు, అది ‘ప్రజల అభిప్రాయం’ అయిపోతుంది. అటవీ హక్కుల నిబంధనలు అలా కాదు. గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ చట్టం షెడ్యూల్డు ప్రాంతానికి బయట కూడా వర్తిస్తుంది. ఆ నిబంధన రాసినవారికి మాట్లాడటం కంటే వినడం ఎంత అవసరమో తెలుసు.

అందరూ తేల్చేదాకా ఆగితే అర్జీ గడువు దాటిపోతుందని కొందరంటారు. నిజమే, ఎవరో ఒకరు లేవాలి. అయితే లేచినవాడు ఎన్ని ఇళ్లు అడిగి వచ్చాడో చెప్పాలి. ఒప్పుకోనివారుంటే వాళ్ల మాట కూడా చెప్పాలి. అలా చెబితే మన బలం తగ్గుతుందని భయం. మా అనుభవంలో, అడిగేవాడు దాచడం లేదని తెలిస్తే వినేవాడు కొంచెం ముందుకు వంగుతాడు.

ఇక భాష. ‘మౌలిక సదుపాయాల కొరత మమ్మల్ని తీవ్రంగా వేధిస్తున్నది’ అంటే అధికారి కాగితం పక్కన పెడతాడు. ‘వానొస్తే గెడ్డ దాటలేం, పిల్లలు బడి మానేస్తారు’ అంటే ఏ గెడ్డ అని అడుగుతాడు. మన యాస మనకు సిగ్గు కాదు, సాక్ష్యం. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదని, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని చెప్పాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, 1928 ఒలింపిక్స్ హాకీ జట్టు కెప్టెన్. అంత చదువుకున్నా, తాను అడవి మనిషినని ఆ సభలోనే చెప్పుకున్నాడు.

తిరిగి రావడం గురించి ఎవరూ మాట్లాడరు. అర్జీ ఇచ్చినవాడు ఊరికొచ్చి తాను ఏమన్నాడో, వాళ్లేమన్నారో అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే, మళ్లీ సోమవారం అతను ‘మేము’ అంటే అందులో ఉండేది అతనొక్కడే.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆగస్టు 15కు పిల్లలచేత బట్టీ ఉపన్యాసాలు చెప్పిస్తున్నాం. ఒక్కసారి వాళ్లను ఇంట్లో మామ్మ దగ్గరికి పంపండి. ఆమె చెప్పింది విని తరగతిలో చెప్పమనండి. మామ్మను కూడా బడికి పిలిచి వెనక బల్ల మీద కూర్చోబెట్టండి. సరిగ్గా చెప్పిందో లేదో ఆమే చెబుతుంది.